2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కి ఏ ఓఎస్? మా నాయన సీపీయూతో నేను పడిన పాట్లు

ప్రొద్దుటూరు నుంచి అడిగారు కదా, 2010లో కొన్న డెస్క్‌టాప్, కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 10 వేయించాక ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పడుతోంది, అందరూ పాత సామాన్లకి వేసేయమంటున్నారు, తేలికైన ఓఎస్ (విండోస్‌లాగా కంప్యూటర్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఏదైనా ఉందా అని. వేసేయకండి. అచ్చం అలాంటిదే కడపలో మా నాయన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది.

మా నాయన రిటైరైన తెలుగు పండితుడు, రోజూ పొద్దున్నే కూర్చుని రెండు గంటలు టైప్ చేసుకుంటాడు. పోయిన ఎండాకాలం అది మొరాయిస్తే ఏడు రోడ్ల దగ్గర ఒక షాపుకి మోసుకుపోయాడు. వాళ్లు మూత కూడా తీయకుండా కొత్తది కొనుక్కోమన్నారంట. ఆయన దిగులుగా తిరిగి రావడం చూడలేక నేనే ముందేసుకుని కూర్చున్నా.

ఓఎస్ జోలికి పోకముందు చేసిన పనులు చెప్తా, ఎందుకంటే సగం తేడా అక్కడే వచ్చింది. మూత తీసి చూస్తే ఫ్యాను కింద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దుమ్ము పాత దిండులో దూదిలా గట్టిపడి ఉంది, వేళ్లతో పట్టుకుని లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. మన ఎండలకి గాలి కూడా ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు ఏ ఓఎస్ వేసినా ఒకటే. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టా. ఇంకోటి, కరెంటు పోయి వస్తే చాలు తేదీ 2009కి పోయేది. తేదీ తప్పయితే బ్రౌజర్ సైట్ల సర్టిఫికెట్లని నమ్మదు, ఏదీ తెరుచుకోదు, మనమేమో నెట్ పోయిందనుకుంటాం. బోర్డు మీదున్న సీఆర్ 2032 బటన్ సెల్ మారిస్తే ఆ బాధ తీరింది.

ఇక ఓఎస్. విండోస్ 11 ఆశ వదులుకోండి, దానికి 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే కనీసం 8వ తరం ప్రాసెసర్ కావాలి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కాబట్టి మిగిలింది లైనక్సే, అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఓఎస్, అందులో చాలా రకాలున్నాయి. మీ దాంట్లో 32 బిట్ విండోస్ ఉందని ప్రాసెసర్ కూడా 32 బిట్టే అనుకోవద్దు, కోర్ 2 డ్యుయో 64 బిట్‌దే. నిజంగా 32 బిట్ ప్రాసెసర్ అయితే మాత్రం దారులు తగ్గిపోతున్నాయి, డెబియన్ అనే లైనక్స్ రకం కూడా 13వ వెర్షన్ నుంచి దానికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు.

నేను మొదట యాంటీఎక్స్ అనే లైనక్స్ వేశా. చాలా తేలిక, క్షణాల్లో స్పందిస్తుంది, కానీ మా నాయనకి దాని మెనూలు అంతుపట్టలేదు, ఫైల్ ఎక్కడ దాచాడో ఆయనకే దొరక్క రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసేవాడు. వాడే మనిషికి అర్థం కానిది ఎంత తేలికైతే ఏం లాభం? తర్వాత లుబుంటు అనే ఇంకో లైనక్స్ పెట్టా, కింద ఎడమ మూల మెనూ, విండోస్‌లాగే ఉండేసరికి కుదుటపడ్డాడు. అయితే బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మళ్లీ పాత కథే. ర్యామ్‌ని తినేసేది ఎక్కువగా బ్రౌజరే, అది ఏ ఓఎస్‌లో అయినా అంతే తింటుంది. అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 2 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ బదులు దానికంటే చాలా వేగమైన చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకానికి మారా, ఇప్పుడు అదే ఉంది. మింట్ వాళ్లు కనీసం 2 జీబీ, హాయిగా వాడాలంటే 4 అంటారు, నా అనుభవం కూడా అదే. మీరు పైసా పెట్టలేకపోతే లుబుంటు, కొద్దిగా పెట్టగలిగితే మింట్. యూట్యూబ్ వీడియో క్వాలిటీ మాత్రం 480 దగ్గర ఆపండి.

తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు, మా నాయన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరికలో కొడతాడు, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. కానీ మీ ఇంట్లో ఎవరైనా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసినా, ట్యాలీలో లెక్కలు రాసినా విండోస్ తీసేయకండి, బతుకుదెరువుతో ప్రయోగాలొద్దు.

ఏది వేసినా ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించి (అందులో పార్టిషన్ పద్ధతి దగ్గర ఎంబీఆర్ ఎంచుకోండి, పాత బోర్డులకి అదే పనికొస్తుంది), ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూసుకోండి. ఫొటోలు, ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకున్నాకే డిస్క్ ముట్టుకోండి. ర్యామ్ కొనడానికి పోయేటప్పుడు పాత స్టిక్కు చేత్తో పట్టుకుని పోండి, ర్యామ్‌లో రకాలైన డీడీఆర్2కి, డీడీఆర్3కి గాడి వేరువేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాటులో ఇంకోటి కూర్చోదు.