ఉబ్బసం లెక్క కట్టబోతున్న మేనకోడలికి

చి. శారదకు, మావయ్య ఆశీస్సులు.

రాబోయే 20 ఏళ్లలో ఉబ్బసం వల్ల దేశ ఆరోగ్య వ్యవస్థ మీద ఎంత భారం పడుతుందో లెక్క కట్టే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. గుబులుగానూ ఉంది. ఈ లెక్క తప్పినా పైకి తెలియదు. కాగితం మీద అంకెలు పొందిగ్గానే కనిపిస్తాయి, రాత్రి మూడింటికి ఊపిరాడక లేచి కూర్చునేది మాత్రం ఇంకెవరో.

జనాభాను వయసులవారీగా విడగొట్టుకో. ధరలు ఇలాగే ఉంటే ఎంత, పెరిగితే ఎంత అని రెండు రకాలుగా వెయ్యి. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

రోగుల సంఖ్య దగ్గర మాత్రం తొందరపడకు. 2019లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం ఉందనీ, ఆ ఏడాది 4,55,000 మంది దానితో పోయారనీ అంచనా. కెనడాలో డాక్టరు ఉబ్బసమని చెప్పిన 613 మంది పెద్దలను మళ్లీ పరీక్షిస్తే, 33 శాతం మందిలో ఆ ఛాయలే కనిపించలేదు. ఇంకోపక్క పిల్లికూతలతోనే ఏళ్లు గడిపి, ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ గొట్టంలో ఒక్కసారీ ఊదని వాళ్లు ఎందరో. అందుకే 'డాక్టరు చెప్పిన ఉబ్బసం', 'పరీక్షలో తేలిన ఉబ్బసం', 'లక్షణాలు మాత్రమే' అని మూడు వరసలు పెట్టు. కలిపేశావో, తర్వాత విడదీయడం నీ తరం కాదు.

ఇక అసలు సంగతి. ఈ రంగం చేసిన పాత తప్పు ఒకటుంది. భారమంటే రోగుల తలల లెక్క అనుకోవడం, ఆయాసం తగ్గితే జబ్బు అదుపులో ఉన్నట్టేనని నమ్మడం. ఆయాసాన్ని వెంటనే తగ్గించే సాల్బుటమాల్ మందు పీల్చగానే శ్వాసనాళం చుట్టూ బిగుసుకున్న కండరం వదులవుతుంది, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. లోపలి వాపు, జిగట కఫం ఎక్కడివక్కడే ఉంటాయి. హాయిగా ఉందిగదా అని, వాపు తగ్గించే స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌ను పక్కన పడేస్తారు. వాపు పెరిగేకొద్దీ పఫ్‌లు పెరుగుతాయి, పఫ్‌లు పెరిగేకొద్దీ మందు పట్టు తగ్గుతుంది. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. సాల్బుటమాల్‌లాగే కండరాన్ని వదులుచేసే మందులే ఇవీ: 1960లలో ఇంగ్లండులో ఎక్కువ మోతాదు ఐసోప్రెనలిన్‌తో, 1970ల మధ్య నుంచి న్యూజీలాండ్‌లో ఫెనోటెరాల్‌తో చావులు ఒక్కసారిగా ఎగబాకాయి. అయినా పాఠం ఒంటబట్టలేదు. బ్రిటన్‌లో ఉబ్బసం మరణాలను సమీక్షించి 2014లో ఇచ్చిన నివేదిక చూడు. ఇన్‌హేలర్ల లెక్క దొరికిన 165 మందిలో 65 మందికి, చనిపోయే ముందు ఏడాదిలో 12కి మించి సాల్బుటమాల్ వంటి ఇన్‌హేలర్లు రాసిచ్చారు. ఒక్కోదాంట్లో మామూలుగా 200 పఫ్‌లు. 12 డబ్బాలంటే రోజుకు ఆరేడు పఫ్‌లు, ఏడాది పొడుగునా! ఆ చీటీ రాసిన చెయ్యి ఒక్కసారి ఆగి ఎందుకని అడిగి ఉంటే! పెద్దవాళ్లకూ కౌమారంలో ఉన్నవాళ్లకూ సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దని గినా అనే అంతర్జాతీయ ఉబ్బసం సంస్థ మార్గదర్శకాలు తేల్చి చెప్పింది 2019లో.

అందుకే చెబుతున్నాను, నీ పట్టికలో ప్రతి వంద మంది రోగులకు ఏడాదికి ఎన్ని సాల్బుటమాల్ డబ్బాలు, ఎన్ని స్టిరాయిడ్ ఇన్‌హేలర్లు ఖర్చయ్యాయో పక్కపక్కనే రావాలి. రేపటి ఎమర్జెన్సీ పడకల లెక్క ఆ రెండింటి నిష్పత్తిలోనే దొరుకుతుంది. ఫిన్లాండ్ 1994 నుంచి 2004 దాకా నడిపిన కార్యక్రమం ఇందుకు సాక్ష్యం. అక్కడ రోగుల సంఖ్య పెరిగింది. వాపును మొదట్లోనే స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌తో తగ్గించారు, నర్సులకు, ఫార్మసిస్టులకు శిక్షణ ఇచ్చారు. ఆస్పత్రి రోజులు సగానికి పైగా తగ్గాయి, ఒక్కో రోగి మీద ఖర్చు 36 శాతం తగ్గింది. తలల లెక్క మాత్రమే కట్టిన వాడికి ఈ సంగతి అందనే అందదు.

ఇంకో ఖర్చు దాక్కుని ఉంటుంది, దాన్ని వదిలావంటే నేనూరుకోను. ఆయాసం ముదిరినప్పుడల్లా ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్రలు రోజుకు 40 మి.గ్రా. చొప్పున అయిదు రోజులు ఇస్తే 200 మి.గ్రా. అలా అయిదుసార్లయితే ఒక గ్రాము. ఆ పాటికే మధుమేహం, ఎముకలు గుల్లబారడం, శుక్లాల ముప్పు పెరుగుతుంది. ఆ బిల్లులు ఉబ్బసం పద్దులో పడవు, ఇంకో విభాగం ఖాతాలోకి పోతాయి. వెతికి తెచ్చి నీ లెక్కలో చేర్చు.

సగటుతో సరిపెట్టకు తల్లీ. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన గడ్డి పుప్పొడిని చిదిమి ఊరి మీద చల్లింది. వేలమంది ఒక్కసారిగా ఆస్పత్రులకు పరిగెత్తారు, పదిమంది పోయారు. అంబులెన్సులు, ఆక్సిజన్, నెబులైజర్లు ఏడాది సగటుకు సరిపోయినా, అలాంటి రోజు చాలవు. ఏడాదిలో అత్యంత గడ్డు వారానికి వేరే వరస పెట్టు.

ఇన్‌హేలర్ పట్టే తీరును చిన్న విషయమనుకోకు. ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. అలా చేయనివాళ్ల మందు గొంతులోనే ఉండిపోతుంది. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మాత్రం తగ్గదు. ఇన్‌హేలర్‌కు తగిలించి మందు పీల్చే గొట్టాలు, అదే స్పేసర్లూ, నేర్పే నర్సు సమయమూ ఖర్చులో వెయ్యి.

వేళకు తిను, తెల్లవార్లూ ఆ కంప్యూటరు ముందే కూర్చోకు. మొదటి చిత్తు కాగానే పంపు. ముందు ఆ డబ్బాల వరస చూస్తాను.

మావయ్య