అవకలన గణితాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం: అవధులను వదిలేయవచ్చా?

ఇంటర్మీడియట్‌లో సూత్రాలు బట్టీ పట్టి గట్టెక్కానని, ముప్పై దాటాక అవకలన గణితాన్ని (డిఫరెన్షియల్ కాల్క్యులస్) అర్థం చేసుకుంటూ నేర్చుకోవాలనుకుంటున్నానని, అవధుల (లిమిట్స్) అధ్యాయాన్ని వదిలేసి నేరుగా సూత్రాలతో మొదలుపెట్టవచ్చా అని మీరు అడిగారు. నాదీ ఇదే కథ. తెలుగు మాధ్యమంలో ఎంపీసీ చదివి, 1బి పేపరులో మంచి మార్కులే తెచ్చుకొని, తరవాత గణితంతో పనిలేని ఉద్యోగంలో చేరాను. ముప్పై ఏడో ఏట మళ్లీ పుస్తకం తెరిచినప్పుడు, ఎక్స్ ఘనం అవకలజం (డెరివేటివ్) ఎంతో నోటికి వస్తోంది గాని, అసలు అవకలజం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యం కూడా చెప్పలేనని తెలిసింది.

నన్ను దారిలో పెట్టినది సూత్రం కాదు, ఒక చిన్న పట్టిక. నూతిలోకి రాయి వదిలితే, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి, అది పడిన దూరం మీటర్లలో సుమారుగా 4.9ని సెకన్ల వర్గంతో గుణిస్తే వస్తుంది. సరిగ్గా ఒక సెకను గడిచిన క్షణంలో దాని వేగమెంత? క్షణంలో దూరమూ సున్న, కాలమూ సున్న, కాబట్టి భాగహారం కుదరదు. అందుకని 1 నుంచి 1.1 సెకన్ల వరకు సగటు వేగం కట్టాను: 10.29 వచ్చింది. 1.01 వరకు కడితే 9.849, 1.001 వరకు కడితే 9.8049. వెనక వైపు నుంచి, అంటే 0.9 నుంచి 1 వరకు కడితే 9.31, 0.99 నుంచి అయితే 9.751, 0.999 నుంచి అయితే 9.7951. రెండు వైపుల నుంచీ వచ్చే సంఖ్యలు 9.8 దగ్గరికే చేరుతున్నాయి. ఆ 9.8 పేరే అవకలజం, అలా చేరడం పేరే అవధి. క్యాలిక్యులేటర్‌తో ఇరవై నిమిషాల్లో అయిపోయే ఈ పనిని ఇంటర్ రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా చేయలేదు.

ఇదే లెక్కను అక్షరాలతో చేస్తే, కొద్దిపాటి కాలాన్ని హెచ్ అనుకుంటే, 1 నుంచి 1 కూడిక హెచ్ వరకు సగటు వేగం 9.8 కూడిక 4.9 హెచ్ అని తేలుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. హెచ్‌తో భాగించేటప్పుడు అది సున్న కాదంటాము, భాగించిన మరుక్షణం దాన్ని సున్న చేసేస్తాము. ఇది మోసంలా అనిపించి నేను చాలా రోజులు అక్కడే ఆగిపోయాను. 1734లో బర్క్‌లీ అనే ఐర్లండు చర్చి పెద్ద సరిగ్గా ఈ విషయం మీదే, ఇవి గతించిన రాశుల దయ్యాలా అని ఎగతాళి చేశాడని తెలిశాక కొంత ధైర్యం వచ్చింది. హెచ్‌ను సున్న చేయడం లేదు, అది సున్నను సమీపించేకొద్దీ ఫలితం దేన్ని సమీపిస్తుందో చూస్తున్నామన్నది సమాధానం. న్యూటన్ 1665-66 నాటికే ఈ గణితాన్ని వాడాడు, లైబ్నిట్జ్ 1684లో ప్రచురించాడు, అయినా అవధికి పక్కా నిర్వచనం కుదిరింది మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో, కోషీ, వైయర్‌స్ట్రాస్ అనే గణితవేత్తల చేతుల్లోనే. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: అవధిని వదిలేయకండి, అలాగని ఆ పక్కా నిర్వచనంతో చేసే ఎప్సిలాన్-డెల్టా నిరూపణలతోనూ మొదలుపెట్టకండి. పట్టికతో వచ్చే అవగాహన తొలి ఆరు నెలలకు చాలు.

తరవాత బొమ్మలు గీయండి. పెనం మీద దోశను వెడల్పు చేస్తున్నప్పుడు కొత్తగా చేరే పిండి అంచు చుట్టూ సన్నని పట్టీలా చేరుతుంది. వ్యాసార్ధం 10 సెంటీమీటర్ల నుంచి 10.1కి పెరిగితే పెరిగిన వైశాల్యం సుమారు 6.31 చదరపు సెంటీమీటర్లు, చుట్టుకొలతను 0.1తో గుణిస్తే సుమారు 6.28. వృత్త వైశాల్యపు అవకలజం చుట్టుకొలత ఎందుకయిందో ఇక బట్టీ పట్టనక్కరలేదు. చదరపు స్థలానికి ప్రతి భుజాన్నీ కొద్దిగా పెంచితే రెండు పక్కల రెండు పట్టీలు, మూలన ఒక చిన్న ముక్క చేరతాయి. ఆ ముక్కను లెక్కలోంచి ఎందుకు వదిలేయవచ్చో ఆలోచిస్తే ఎక్స్ వర్గానికి రెండు ఎక్స్‌లు రావడమే కాదు, రెండు ప్రమేయాల (ఫంక్షన్ల) లబ్ధానికి అవకలజం కట్టే లబ్ధ నియమంలో రెండు పదాలు ఎందుకున్నాయో కూడా తెలుస్తుంది. రెండు ప్రమేయాల లబ్ధానికి అవకలజాలను గుణించేస్తే సరిపోతుందని చాలాకాలం పొరబడినవాడిని నేను.

నేను పూర్తిగా ఒక సాయంత్రం పోగొట్టుకున్న పొరపాటు మరొకటి ఉంది. సైన్ విలువను కోణంతో భాగిస్తే, కోణం చిన్నదయ్యేకొద్దీ ఫలితం 1కి చేరాలి. నాకేమో 0.01745 వస్తోంది. పుస్తకమే తప్పేమో అనుకున్నాను. క్యాలిక్యులేటర్ డిగ్రీలలో ఉంది! కోణాన్ని రేడియన్లలో (పూర్తి చుట్టును 360 డిగ్రీలకు బదులు రెండు పైలుగా లెక్కించే కొలతలో) కొలిచినప్పుడే సైన్ అవకలజం సరిగ్గా కొసైన్ అవుతుంది. డిగ్రీలలో కొలిస్తే ప్రతిచోటా పై (π) బై 180 అనే గుణకం వెంటపడుతుంది.

నిజానికి మనలాంటివారిని ఇబ్బంది పెట్టేది అవకలనం కంటే బీజగణితమే. ఘాతాంక నియమాలు, కారణాంకాల విభజన, భిన్నాలను కలపడం వంటివి తడబడితే తేలికైన లెక్క కూడా ముందుకు కదలదు. నేను మూడు వారాలు పదో తరగతి లెక్కలే చేశాను, సిగ్గుపడలేదు. విలోమ త్రికోణమితి ప్రమేయాలను చివరికి వదిలేయండి, ఒక ప్రమేయం లోపల మరో ప్రమేయం ఉన్నప్పుడు వాడే శృంఖల నియమాన్ని (చైన్ రూల్) మాత్రం రోజూ చేయండి.

సూత్రాల పట్టిక తెరిచే ముందు ఒక లెక్క చేసి చూడండి. ఒకటి బై ఎక్స్ అనే ప్రమేయానికి ఎక్స్ 2 దగ్గర మార్పు రేటును పై పద్ధతిలోనే కట్టండి. హెచ్ 0.1 అయితే మైనస్ 0.2381, 0.01 అయితే మైనస్ 0.2488 వస్తాయి. ఇవి ఏ సంఖ్యకు చేరుతున్నాయో, రుణ గుర్తు ఎందుకు వచ్చిందో గ్రాఫు చూపిస్తూ ఇంట్లో ఎవరికైనా చెప్పగలిగితే, మరుసటి రోజు నుంచి సూత్రాలు మొదలుపెట్టవచ్చు.