ఆ క్రియాపదం మార్చు, అమ్మాయీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "హెచ్‌ఐవి మన నాడీకణాలను తినేస్తుంది" అని రాశావు. చదివితే దడ పుడుతుంది కానీ, అది నిజం కాదు. ఆ వైరస్ నాడీకణాల జోలికి దాదాపుగా పోదు. మెదడులో అది కాపురం పెట్టేది మైక్రోగ్లియా అనే కాపలా కణాల్లో, రక్తనాళాలను ఆనుకుని ఉండే మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాల్లో. అయినా దెబ్బ తగిలేది నాడీకణానికి. లోపలికి అడుగు పెట్టకుండానే ఇల్లు ఎలా కూల్చింది? వ్యాసం అక్కడ ఎత్తుకో.

వైరస్ పైపొర మీద జీపీ120 అనే ప్రొటీన్ ఉంటుంది. 1988లో దాన్ని మాత్రమే, అదీ అత్యల్ప మోతాదులో, పాత్రలో పెంచిన చిట్టెలుక మెదడు కణాలకు తగిలించారు. నాడీకణాలు చనిపోయాయి. ఆ పాత్రలో వైరస్ లేనే లేదు! రెండేళ్ల తర్వాత మరో ప్రయోగంలో, ఈ ప్రొటీన్ తగిలిన నాడీకణాల్లో కాల్షియం అమితంగా పెరుగుతోందని, కాల్షియం దారులను మూసే నిమోడిపిన్ వంటి మందులు ఆ హానిని అడ్డుకుంటున్నాయని తేలింది. నువ్వు మూడు పేరాల్లో వర్ణించిన "విధ్వంసం" కంటే ఈ పాత్ర కథే నన్ను పట్టుకుంటుంది.

టాట్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. దానికి చోటివ్వు. సుమారు వంద ఎమినో ఆమ్లాల (ప్రొటీన్ గొలుసులోని పూసల) చిన్న హెచ్‌ఐవి ప్రొటీన్ అది. సోకిన కణం దాన్ని బయటికి వదులుతుంది, అది పక్కనున్న నాడీకణం మీది గ్లుటమేట్ గ్రాహకాలను, అంటే గ్లుటమేట్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లను, అతిగా రెచ్చగొడుతుంది. మళ్లీ అదే కాల్షియం. హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వైరస్ కొత్త కణాలకు పాకకుండా ఆపుతాయి. కానీ అప్పటికే కణం జన్యుపదార్థంలో కలిసిపోయిన వైరస్ నుంచి టాట్ తయారవడాన్ని నేరుగా ఆపలేవు. మందులు వచ్చాక తీవ్రమైన మతిభ్రంశం బాగా తగ్గినా, ఆలోచనలో మందగింపు కొందరిలో మిగిలిపోవడానికి ఇదొక కారణమని అనుమానిస్తున్నారు. "అనుమానిస్తున్నారు" అనే మాటను కొట్టేయకు.

మన దేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవిలో సి అనే ఉపరకం. దాని టాట్‌లో 31వ స్థానంలో సాధారణంగా సిస్టీన్ అనే ఎమినో ఆమ్లానికి బదులు సెరీన్ ఉంటుంది. ప్రయోగశాలలో ఆ టాట్ హాని తక్కువగానే కనిపించింది. దాన్ని పట్టుకుని "భారతీయులకు భయం లేదు" అని తీర్పు చెప్పేశావు. అదే ఉపరకం వ్యాపించిన దక్షిణాఫ్రికాలోనూ రోగుల ఆలోచనాశక్తి దెబ్బతినడం చూశారు కదా! ఒక్క ఎమినో ఆమ్లం మీద అంత మేడ కట్టకు.

"మహమ్మారి భూతం" అనే శీర్షిక తీసెయ్. కుర్రతనంలో నేనూ అలాంటివి పెట్టాను, ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది. రోజూ మాత్ర వేసుకుని ఉద్యోగానికి వెళ్లే మనిషి నీ వ్యాసం చదువుతాడు. మాత్రలు ఎందుకు మానకూడదో అతనికి తెలియాలి. ఆ వాక్యం నీ ప్రతిలో ఎక్కడా లేదు.

తిరగరాసి పంపు. అన్నట్టు, జీపీ120లోని 120 దాని అణుభారం, కిలోడాల్టన్లలో. ఎమినో ఆమ్లాల లెక్క అని రాశావు, దిద్దుకో.