దస్తావేజులో 18 సెంట్లు, ఒడ్డున మిగిలింది 9

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. కాకినాడ జిల్లా ఉప్పాడ దగ్గర నాన్నగారు 1986లో 18 సెంట్లు కొన్నారు, రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది. సముద్రం కోతకి సగం పోయింది. మిగిలిన సగంలో ఉన్న పెంకుటింట్లో బాబాయి కుటుంబం ఉంటోంది. మొన్నటి తుపానుకి వంటగది కూలింది. ఇక్కడ ఒకాయన రిసార్టు కోసం కొంటానంటూ, దస్తావేజులో మొత్తం 18 సెంట్లూ రాయమంటున్నారు. రాయొచ్చా? పోయిన స్థలానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుందా?

జవాబు: రాయకండి. తమకు తెలిసిన లోపం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవారు దాన్ని చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. దాస్తే అది మోసమే. "ఆయన తెలిసే అడుగుతున్నాడు కదా" అంటారేమో. రేపు ఆయన ఆ కాగితాన్ని బ్యాంకులో పెట్టి లోన్ తీసుకుంటే, దాని మీద సంతకం మీది.

దస్తావేజులో తూర్పు హద్దు ఏం రాశారో ఒకసారి చూడండి. సముద్రపు పోరంబోకు అని ఉంటే, ఆ హద్దే నడుచుకుంటూ మీ పెరట్లోకి వచ్చిందన్నమాట. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం పోటు గీతకి, అంటే పోటు వచ్చినప్పుడు నీళ్లు చేరే హద్దుకి, దిగువనున్న సముద్రపు అడుగు ప్రభుత్వానిది. మన హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే గీత), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని జాగా) అన్న మాటలు అందరికీ నోటికొచ్చాయి. కానీ చెరువు గీత ఉన్నచోటే ఉంటుంది. సముద్రం గీత అలా ఒకచోట ఉండదు. మీ కేసులో చిక్కంతా అక్కడే.

పరిహారం సంగతి. ప్రభుత్వం సేకరించిన భూమికి 2013 భూసేకరణ చట్టం కింద డబ్బు వస్తుంది, సముద్రం తీసుకున్నదానికి రాదు. అయితే మిగిలిన 9 సెంట్లను రేపు రక్షణ గోడకో రోడ్డుకో తీసుకుంటే మీకు హక్కు ఉంటుంది. అందుకే ఇప్పుడే తహసీల్దారుకి అర్జీ పెట్టి సర్వే చేయించండి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు తేదీ పడేలా ఫోటోలు తీయించండి. పాత దస్తావేజు పారేయకండి, సముద్రం ఎప్పుడైనా వెనక్కి తగ్గితే వాదించుకోవడానికి అదే ఆధారం.

వంటగది వేరే విషయం. కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో తుపాను ఉంది, తీరం కోత లేదు. కాబట్టి అర్జీలో "కోతకి పోయింది" అని కాకుండా, జరిగిందే రాయండి: ఫలానా తుపానులో, ఫలానా తేదీన కూలింది అని. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 2022-26 నిబంధనల ప్రకారం సాయం 1,20,000 రూపాయలు. మీది పాక్షిక నష్టం కాబట్టి వచ్చేది చాలా తక్కువ. అయినా పంచనామా కాగితం చేతిలో ఉండాలి. కోతకి ఇళ్లు కోల్పోయినవారి పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 1,000 కోట్లు సిఫారసు చేసింది. నా ఉద్దేశంలో అలాంటి జాబితా తయారైతే అక్కడ బతుకుతున్న బాబాయి పేరు ఉండాలి గానీ, కూకట్‌పల్లిలో ఉన్న మీది కాదు. అమ్మకం కోసం ఆయన్ని తొందరపెట్టి ఖాళీ చేయిస్తే ఆ అవకాశమూ పోతుంది.

ఇక రిసార్టు. సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నిబంధనల్లో గ్రామీణ తీరాన పోటు గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలకి వీల్లేదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన చోట దాన్ని 50కి తగ్గించింది. ఏ లెక్కన చూసినా మీకు కలిసిరాదు. 9 సెంట్లంటే నలుచదరంగా ఉంటే వైపుకి 19 మీటర్లు, అదీ నీళ్లని ఆనుకుని. ఇప్పుడున్న ఇల్లు అనుమతితో కట్టిందైతే, అంతే వైశాల్యంలో బాగు చేసుకోవచ్చు. సొంతంగా రాళ్ల గోడ వేద్దామన్నా అనుమతి కావాలి, పైగా కోత మీ దగ్గర ఆగి పక్కింటివాళ్ల మీద పడుతుంది.

నాన్నగారు లేకపోతే అక్కచెల్లెళ్లతో సహా వారసులందరూ సంతకం చేయాలి. అమ్మాలనే ఉంటే, సర్వేలో తేలిన విస్తీర్ణమే రాసి, కోత సంగతీ సీఆర్‌జెడ్ సంగతీ దస్తావేజులోనే చెప్పండి. అప్పుడు కూడా ఆయన కొంటానంటే సరే. ఈలోపు బయానా మాత్రం ముట్టుకోకండి.