కెమెరా, కామ్రేడ్, ఛాంబర్: ఒక మాట వెంట నడిచే యువ రచయిత్రికి లేఖ

చి. సునీతకు,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. ‘కెమెరా’ అన్న ఒక్క మాట వెంట పడి యూరప్ అంతా చుట్టిరావాలన్న ఉత్సాహం బాగుంది. చిక్కల్లా ఎక్కడంటే, ఇరవై భాషలకు ఇరవై వాక్యాలు రాసేశావు. ఇటాలియన్‌లో గది, ఫ్రెంచ్‌లో పడకగది, రష్యన్‌లో జైలుగది... చదివాక చేతిలో మిగిలేది పట్టికే. అర్థాలు మారాయని చెప్పావు గానీ ఎందుకు మారాయో ఒక్కచోటా చెప్పలేదు. ఆ ‘ఎందుకు’ లేకపోతే ఈ పనికి నిఘంటువు చాలు, మనం అక్కర్లేదు.

ముందు మూలం సరిచెయ్. లాటిన్‌వాళ్లు ఈ మాటను గ్రీకు ‘కమారా’ నుంచి తెచ్చుకున్నారు. మొదట్లో అర్థం గది కాదు, వంపు తిరిగిన పైకప్పు. ఆ కప్పు కిందున్న గదికి, చివరికి ఏ గదికైనా అదే పేరు స్థిరపడింది. గ్రీసులో పాత అర్థం ఇంకా బతికే ఉంది. థెస్సలోనికి నగరంలో రోమన్ చక్రవర్తి గలేరియస్ కట్టించిన తోరణాన్ని అక్కడి జనం ‘కమారా’ అనే పిలుస్తారు. నేటి గ్రీకులో కమారా అంటే తోరణం, కామరా అంటే గది, కామెరా అంటే వీడియో కెమెరా. మధ్యలోది లాటిన్‌కి వెళ్లి తిరిగొచ్చింది, చివరిది లోకమంతా తిరిగొచ్చింది. నీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకదు.

అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథం పేరు చెప్పి ‘కెమెరా’ అరబీ మాట అన్నావు చూడు, ఆ పేరా తీసెయ్. ఇంటర్నెట్‌లో బాగా తిరిగే కథ అది. పదకొండో శతాబ్దంలో ఆయన చీకటిగదిలో వెలుగు మీద ప్రయోగాలు చేసిన మాట నిజం. కానీ ఆ గదిని ఆయన ‘అల్ బైత్ అల్ ముజ్లిమ్’ (చీకటి ఇల్లు) అన్నాడు. లాటిన్ మాట అప్పటికే వెయ్యేళ్ల పాతది. శాస్త్రంలో ఘనత ఆయనకివ్వు, మాటలో ఇవ్వకు. ఇలాగే మన ‘కమాను’ను దీనికి ముడిపెట్టావు. ఒకేలా వినిపిస్తే చుట్టాలైపోరు. కమాను ఫారసీ మాట, విల్లు అని అర్థం.

ఇక అసలు సంగతి. ఒక మాట ఒక భాషలో ఏ అర్థంలో స్థిరపడిందో తెలియాలంటే దాన్నొక్కదాన్నే చూస్తే లాభం లేదు, దాని పక్కనున్న మాటను చూడాలి. జర్మన్‌లో మామూలు గదిని ‘త్సిమ్మర్’ అంటారు. ఒకప్పుడు కలప అని అర్థమిచ్చిన ఆ మాట గది స్థానం ఆక్రమించింది. దాంతో లాటిన్ నుంచి వచ్చిన ‘కమర్’కి ఇంట్లో మూల గదులే మిగిలాయి: సామాను కొట్టు, సరుకుల గది, పనివాళ్లు పడుకునే ఇరుకు గది. సరిహద్దు దాటి నెదర్లాండ్స్ వెళ్తే అక్కడ త్సిమ్మర్‌లాంటి పోటీదారు లేదు. అందుకే డచ్ ‘కామర్’ నేటికీ ఏ గదైనా కావచ్చు: కూర్చునే గది వోన్‌కామర్, పడుకునే గది స్లాప్‌కామర్. హంగేరియన్‌లో ‘కమ్ర’ ఏకంగా వంటసరుకులు దాచే గదైపోయింది.

ఫ్రెంచ్‌లోనూ ఇదే తంతు. ‘గది’ అన్న పెద్ద అర్థాన్ని ‘పియెస్’ అనే మాట లాక్కుంది, ‘షాంబ్ర్’కి పడకగది మిగిలింది. పారిస్ అద్దె ప్రకటనలో ‘మూడు పియెస్‌లు’ అని ఉంటే వంటిల్లు, స్నానాలగది లెక్కలోకి రావు. హాలు, రెండు షాంబ్ర్‌లు అన్నమాట, అంటే మన డబుల్ బెడ్‌రూమ్. రెండు మాటలనూ ‘గది’ అనే అనువదిస్తే ఇల్లు ఒక గది తగ్గిపోతుంది. కాబట్టి నువ్వు రాసే ప్రతి భాషకూ ఈ ప్రశ్న వేసుకో: ఇక్కడ గదిని మామూలుగా ఏమంటారు? ఆ జవాబు దొరికితే ‘ఎందుకు’ సగం తేలినట్టే.

రెండో ప్రశ్న: మాట ఆ భాషలోకి ఏ దారిన వచ్చింది? మనకిది కొత్త విషయం కాదు. భిక్ష తత్సమం, బిచ్చం తద్భవం. మూలం ఒకటే అయినా సన్యాసి బిచ్చమెత్తాడంటే మర్యాదగా ఉండదు. ఫ్రెంచ్ షాంబ్ర్ తద్భవం, శతాబ్దాలు నోళ్లలో నలిగిన మాట. దానికి రుజువు ధ్వనిలోనే ఉంది. లాటిన్ మాట మొదట్లోని ‘క’ ఫ్రెంచ్‌లో ‘ష’ అవుతుంది: కబాల్లుస్ షెవాల్ అయింది (గుర్రం), కంతారె షాంతే అయింది (పాడటం). మధ్యలో అచ్చు జారిపోయి మ, ర పక్కపక్కన పడితే వాటి మధ్య ‘బ’ పుడుతుంది: నుమెరుస్ నోంబ్ర్ అయినట్టు. ఇంగ్లీషు ‘ఛాంబర్’లో ఆ ‘బ’ అలాగే ఉంది గనక అది ఫ్రెంచ్ గుమ్మం గుండా వచ్చిందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ‘కమెరా’ అన్న ఫ్రెంచ్ మాటలో ‘క’ చెక్కుచెదరలేదు, ‘బ’ లేదు. అంటే అది నిన్నమొన్నటిది, సినిమా రోజుల్లో ఇంగ్లీషు దారిన వచ్చింది.

అందుకే దాని అర్థమూ ఇరుకే. ఫ్రెంచ్ కమెరా కదిలే బొమ్మలు తీసేది. ఫొటోలు తీసేది ‘అపారెయ్ ఫోటో’. పోలిష్‌లోనూ కమెరా వీడియోకే, ఫొటోకి ‘అపరాత్’. ఇక్కడో మెలిక ఉంది, నువ్వు తప్పక వాడుకోవాల్సింది. స్టాండు మీద పెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, పెద్ద పలకల మీద బొమ్మ తీసే పాతకాలం కెమెరాను ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్లు నేటికీ ‘షాంబ్ర్’ అనే అంటారు. అంటే తద్భవం కూడా ఒక మూల కెమెరాగానే బతుకుతోంది.

గది యంత్రం ఎలా అయిందో రెండు వాక్యాల్లో చెప్పి వదిలెయ్, అందరికీ తెలిసిన కథే. చిన్న రంధ్రం గుండా బయటి దృశ్యం లోపలి గోడ మీద పడే చీకటిగదికి ‘కమెరా అబ్‌స్కూరా’ అన్న పేరును ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604లో పుస్తకంలో వాడాడు. గది పెట్టెగా చిక్కింది, 1839లో బొమ్మను పలక మీద నిలిపే దగేర్ పద్ధతి బయటపడి పెట్టెలో బొమ్మ నిలిచాక ఇంగ్లీషువాళ్లు ‘చీకటి’ వదిలేసి ‘గది’ని మాత్రం ఉంచుకున్నారు. ఇటాలియన్‌లో ‘కామెరా’ మామూలు గది కావడంతో ఒట్టి కామెరా అంటే ఫొటో యంత్రమని తోచదు. వాళ్లు ‘మాక్కినా ఫోతోగ్రాఫికా’ అన్నారు. వాళ్ల ‘కామెరా ఓస్కూరా’ పాత పెట్టే కావచ్చు, ఫిల్ము కడిగే చీకటిగదీ కావచ్చు. రెంటిలో ఏది అన్నది వాక్యమే చెప్పాలి.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినదే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది: కామ్రేడ్. స్పానిష్ సైన్యంలో ఒకే గదిలో, అంటే ఒకే ‘కామరా’లో మకాం ఉండే జట్టు ‘కమరాదా’. ముందు జట్టుకు పేరు, తరవాత అందులో ఒక్కొక్కడికీ పేరు. పదహారో శతాబ్దంలో ఫ్రెంచ్‌వాళ్లు తీసుకున్నారు, వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లు. మన ఊళ్లలో పార్టీ మీటింగుల్లో ‘కామ్రేడ్స్’ అని మొదలుపెట్టే ప్రతి ఉపన్యాసంలోనూ ఆ సైనికుల గది ఉంది. కానీ ఈ మాటను ప్రతిచోటా ఎర్రజెండాకు కట్టేస్తే కొంప మునుగుతుంది. ఇటలీలో కమ్యూనిస్టులు ఒకరినొకరు ‘కొంపాన్యో’ అనుకున్నారు, ‘కమెరాతా’ అనుకున్నది ముస్సోలినీ ఫాసిస్టులు. ఇటాలియన్ నవలలో ‘కమెరాతా’ అని పిలిచినవాణ్ని తెలుగులో కామ్రేడ్ చేస్తే పాత్ర పార్టీ మారిపోతుంది. జర్మన్‌లో వామపక్షాల మాట ‘గెనోస్సె’, ‘కమెరాట్’ సైనికుల మాట. స్పెయిన్‌లో ‘కమరాదా’ అని కమ్యూనిస్టులూ అన్నారు, వాళ్లకు బద్ధశత్రువులైన ఫలాంజిస్టులూ (అక్కడి ఫాసిస్టులు) అన్నారు. చెక్ భాషకు వెళ్తే ఈ రాజకీయమేమీ లేదు, ‘కమరాద్’ అంటే ఒట్టి స్నేహితుడు, బళ్లో పక్కన కూర్చున్నవాడు. ఈ ఒక్క భాగానికి మూడు వందల మాటలివ్వు.

గదిలో పనిచేసినవాళ్ల సంగతి మాత్రం క్లుప్తంగా చాలు. స్పానిష్ ‘కమరేరో’, ఇటాలియన్ ‘కమెరియేరె’ ఒకప్పుడు దొర గదిలో సేవకులు, ఇప్పుడు హోటల్లో వెయిటర్లు. రాజు గదిలోనే ఖజానా ఉండేది గనక అదే మూలం నుంచి వచ్చిన జర్మన్ ‘కెమ్మెరర్’ నగర ఖజానా చూసే అధికారి అయ్యాడు. వాటికన్‌లో ‘కమెర్లెంగో’ పోప్ ఆస్తిపాస్తులు చూస్తాడు. 2025 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ మరణాన్ని ప్రకటించింది ఆ పదవిలో ఉన్నాయనే.

అనువాదం దెబ్బతినే చోట్లు ఇంకా కొన్ని ఉన్నాయి, నీ వ్యాసంలో అవి దాదాపు లేవు. మన బడిపుస్తకాల్లో గుండెకు నాలుగు గదులు: రెండు కర్ణికలు, రెండు జఠరికలు. జర్మన్‌లో గుండెకు ‘కమర్’లు రెండే. పైవాటిని ‘ఫోర్‌హోఫ్’ అంటారు, అంటే ముంగిలి. కాబట్టి జర్మన్ వైద్యుడు ‘కమర్’ అన్నచోట ‘గది’ అని రాస్తే తప్పు, జఠరిక అనాలి. హంగేరియన్‌లోనూ సరుకుల గది పేరే జఠరికకు పెట్టారు. పోలిష్‌లో ‘కొమొరా’ అంటే అర, దాని ముద్దుపేరు ‘కొముర్కా’ అంటే జీవకణం, మొబైల్ ఫోన్ కూడా. రష్యన్ నవలలో మనిషి ‘కామెరా’లో కూర్చున్నాడంటే జైల్లో ఉన్నాడు, పెట్టెను ‘కామెరా ఖ్రనేనియా’లో పెట్టాడంటే స్టేషన్లో సామాను భద్రపరిచే చోట పెట్టాడు.

అన్నిటికన్నా ప్రమాదం ఒకే భాషలో రెండు దేశాలున్నప్పుడు. పోర్చుగల్‌లో ‘కమరా మునిసిపాల్’ నగర పాలన నడిపే సంస్థ, దాని అధ్యక్షుడు మేయర్. బ్రెజిల్‌లో అదే పేరు కౌన్సిలర్ల సభది, దాని అధ్యక్షుడు సభాపతిలాంటివాడు, మేయర్ వేరు, ‘ప్రెఫెయ్తు’. వార్త ఏ దేశానిదో చూడకుండా కలం పట్టకు. అలాగే నెదర్లాండ్స్‌లో ‘రెండో కామర్’ అంటే కింది సభ, జనం నేరుగా ఎన్నుకునే 150 మంది ఉండేది. ‘రెండో సభ’ అని వదిలేస్తే మనవాళ్లు రాజ్యసభలాంటిది అనుకుంటారు.

మనదాకా వచ్చిన తంటా ఒకటుంది, అది తప్పకుండా చేర్చు. పత్రికల్లో ‘ఇన్ కెమెరా విచారణ’ అని పడుతుంది. చాలామంది విచారణను వీడియో తీస్తారని అనుకుంటారు. అది లాటిన్, ‘గదిలో’ అని అర్థం: తలుపులు మూసి, బయటివాళ్లను పంపేసి జరిపే విచారణ. అత్యాచార కేసుల్లో ఇలా జరపాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 327వ సెక్షన్ చెప్పింది, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366వ సెక్షన్ చెబుతోంది. హిందీవాళ్లు దీన్ని ‘బంద్ కమ్రే మే’ అంటారు. ఆ కమ్రా పోర్చుగీసు ‘కమరా’ నుంచి వచ్చిందే, హైదరాబాద్ పాతబస్తీలో రోజూ వినే మాట. లెక్క చూడు: ఫిల్మ్ ఛాంబర్, సినిమా కెమెరా, యూనియన్ కామ్రేడ్, పాతబస్తీ కమ్రా. నలుగురూ ఒకే ఇంటివాళ్లు, నలుగురూ వేరువేరు దారులు తిరిగి మన దగ్గరికి వచ్చారు.

ఇప్పుడు పని పద్ధతి. ఒక్కో భాషకు ఒక చీటీ రాసుకో. అందులో ఐదు గడులు చాలు: రూపం, ఏ శతాబ్దంలో వచ్చింది, నోటి దారా పుస్తకం దారా, ఇప్పటి వాడుక, పక్కనున్న పోటీ మాట. ఐదో గడి ఖాళీగా ఉన్న భాషను వ్యాసంలోకి రానివ్వకు. ద్విభాషా నిఘంటువులో మొదటి అర్థం పట్టుకుని ఆగిపోకు, అక్కడే బోల్తా పడతారు. ఆ భాషలోనే రాసిన నిఘంటువు తియ్యి: ఫ్రెంచ్‌కి ట్రెసోర్, జర్మన్‌కి డూడెన్, ఇటాలియన్‌కి త్రెక్కాని, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. తరవాత ఆ భాష పత్రికల్లోంచి మాట వాడిన పది వాక్యాలు ఏరి చూడు. చివరగా ఎదురు పరీక్ష: ‘పడకగది’, ‘ఫొటో కెమెరా’ అని తెలుగు వైపు నుంచి బయల్దేరి, ఆ భాషలో నీ మాటే ఎదురొస్తుందేమో చూడు. రాకపోతే నువ్వు రాసుకున్న అర్థంలో ఎక్కడో తేడా ఉంది.

ఉచ్చారణ తెలుగులో రాసేటప్పుడు దీర్ఘం దగ్గర జాగ్రత్త. జర్మన్‌ది కమర్, డచ్‌ది కామర్. రెండూ ఒకేలా రాస్తే చెప్పిన తేడా అంతా గాల్లో కలుస్తుంది.

రెండో ప్రతిలో గ్రీకు, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు ఉంచు. 1500 మాటల్లో ఆరు భాషలకు మించి పట్టవు. డచ్, హంగేరియన్, పోలిష్, చెక్, రష్యన్ ఒక్కో వాక్యంలో సాక్ష్యానికి మాత్రమే రావాలి. మిగతావి చీటీల్లోనే ఉండనీ. శీర్షికలో ‘అద్భుత రహస్యం’ తీసెయ్. కామ్రేడ్ భాగం పూర్తికాగానే అదొక్కటే ముందు పంపు, తక్కినది తరవాత చూద్దాం.

శుభాకాంక్షలతో.