“ఇది నిజంగా జరిగిందా?” అని పాప అడిగితే

మైలాపూర్, చెన్నై

చిన్నీ,

సముద్రాన్ని నిజంగానే చిలికారా అని పాప అడిగితే మాట మార్చేశానన్నావు. అప్పటినుంచి నాకు అదే ఆలోచన. ఈసారి మాట మార్చకు. “అమృతం కోసం చిలికితే ముందు ఏం వచ్చింది?” అని దాన్నే అడుగు. విషం అంటుంది. వీణ క్లాసులో మొదటి నెలంతా ఏం వచ్చిందో దానికి గుర్తుంది కదా, మిగతాది అదే అల్లుకుంటుంది.

ఆదివారం తాంబరం నుంచి లోకల్ ట్రైన్‌లో ఎగ్మూరు వచ్చేయండి. మ్యూజియం కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువాలంగాడు నటరాజు ఉన్నాడు, చోళుల నాటివాడు. బోర్డు చదివేసి కదిలిపోకండి. ముందు చేతులు చూడమను. ఒకదానిలో డమరుకం, ఒకదానిలో నిప్పు, మూడోది అభయం, నాలుగోది ఎత్తిన పాదాన్ని చూపిస్తుంది. ఆఖరున నిలిచిన కాలి కింద చూడమను. అక్కడున్న మరుగుజ్జు అపస్మారుడు. ఇక్కడివాళ్ళు ముయలగన్ అంటారు. వాడి పేరులోనే మరుపు ఉంది.

మీ పెదనాన్న చనిపోయిన ఏడాది, ఏదీ గుర్తు రాకపోతే చాలనిపించేది నాకు. ఒకరోజు ఆ విగ్రహం ముందు ఊరికే నిలబడ్డాను. శివుడు వాణ్ణి చంపలేదన్న సంగతి అప్పుడు కంటపడింది. ఎన్నేళ్ళుగా చూస్తున్నానో! తొక్కిపట్టాడంతే, వాడి మీదే నిలబడి ఆడుతున్నాడు. కాలు తీస్తే వాడు లేస్తాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన ఉత్తరాలు బయటికి తీశాను. ఎవరైనా ముందే అర్థం చెప్పేసి ఉంటే నాకది అంత లోతుగా తగిలేది కాదు. అందుకే నువ్వూ పాపకు అర్థాలు చెప్పేయకు.

ఇంకొకటి. జెనీవా దగ్గర సెర్న్ అనే ఫిజిక్స్ ల్యాబ్‌లో 2004లో మన దేశం ఇచ్చిన నటరాజ విగ్రహం పెట్టారు. అది చూపించి మనవాళ్ళకు అణువుల సంగతి అప్పుడే తెలుసు అనకు. అణువు గురించి ఫిజిక్స్ పుస్తకం చక్కగా చెబుతుంది. మనిషి పోయిన ఇంట్లో పొద్దున్నే ఎలా లేవాలో అందులో ఉండదు.

సాయంత్రం ఇద్దరూ ఇటు రండి, కపాలీశ్వరుడి గుడికి వెళ్దాం. శివుడు పంచాక్షరి చెబుతుంటే పార్వతి చూపు నెమలి మీదికి పోయిందట. అందుకే నెమలిగా పుట్టి, ఇక్కడి పొన్నచెట్టు కింద ఆయన్నే పూజించిందని స్థలపురాణం. తన దృష్టిని లాగేసిన ఆ నెమలి రూపంతోనే ఆయన్ని చేరుకుంది, చూశావా! ఈ మాట మాత్రం పాపతో అనకు. కథ నేను చెబుతాను, నెమలే ఎందుకయిందో అదే ఆలోచించుకోనీ.

రాత్రికి పప్పుచారు పెడతాను. పాప ఏమంటుందో భోజనాల దగ్గర విందాం.

నీ పెద్దమ్మ