శనివారం భోజనానికి ఏ సీసా పట్టుకెళ్ళాలి

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

అల్లుడూ, ఫ్రాన్స్‌లో తులూజ్ వచ్చి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే మేనేజర్ ఇంటికి భోజనానికి పిలిచాడంటే మంచి మాటే. దానికంత టెన్షన్ దేనికి? ఒక్క వైన్ సీసా చాలు. నువ్వు తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

గొర్రె మాంసం వండుతున్నారన్నావుగా, కోర్బియేర్ గానీ మినెర్వువా గానీ తీసుకో. రెండూ నార్బోన్ వైపు ఎండకొండల ఎర్ర వైన్లు. ముందు లేబుల్ మీద ద్రాక్ష పేరు కోసం వెతక్కు, ప్రాంతం పేరే ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఒకే ద్రాక్షతో పని జరగదు. గ్రెనాష్ పండు రుచీ, ఘాటూ ఇస్తుంది. సిరా రంగూ, మిరియాల వాసనా ఇస్తుంది. కారిన్యాఁ పులుపు నిలబెడుతుంది. ఒక్క ధనియాలతో కూరపొడి అవుతుందా? ఇదీ అంతే.

ఇక నేను చేసిన పొరపాటు విను. వచ్చిన కొత్తలో ఇలాగే ఒకరింటికి బన్యుల్స్ అనే వైన్ పట్టుకెళ్ళాను. అదీ దక్షిణ ఫ్రాన్స్‌దే, అదీ ఎర్రదే, అందులోనూ గ్రెనాషే ఎక్కువ. ఇంటావిడ సీసా చూసి నవ్వి పక్కన పెట్టింది. భోజనాలయ్యాక చాక్లెట్ కేకుతో పాటు బయటికి తీసింది. పులుస్తున్న రసంలో మధ్యలోనే స్పిరిట్ కలిపి పులియడం ఆపేస్తారట, అందుకని చక్కెర మిగిలిపోతుంది. సీసా మీద ‘వాఁ దూ నాత్యురెల్’ అని రాసే ఉంది, నేనే చదవలేదు. నువ్వు ఆ మూడు మాటలూ కనిపిస్తే అక్కడే పెట్టేసెయ్.

ఎవరైనా డ్రై వైన్ అంటే నోరు ఎండబెట్టేదని కూడా అనుకోకు. తీపి లేనిది అని, అంతే. నేరేడు పళ్ళు తిన్నాక నాలుక గరుకుగా అవుతుంది చూడు, ఆ వగరు వేరు, అది తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది. నేరేడు పండు తీపిగా ఉండీ వగరుగా లేదూ?

పది యూరోల దాకా పెట్టు, అంతకు మించి అక్కర్లేదు. షాతోనెఫ్-దు-పాప్ లాంటి ఖరీదైన వైన్ అంటూ గొప్పకు పోవద్దు, మొదటి పరిచయానికే అది బరువు. నీ గదిలో ఎండ తగులుతుందన్నావు, బయలుదేరేముందు సీసాని ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచు. పదహారు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర దాని రుచి బాగుంటుంది. వేడెక్కితే స్పిరిట్ వాసనే ముందు కొడుతుంది.

నువ్వు తెచ్చిన సీసా ఆ రోజే తెరవకపోతే చిన్నబుచ్చుకోకు, వాళ్ళు వంటకి తగ్గది ముందే తీసిపెట్టుకుని ఉంటారు. గ్లాసులు తాకించేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడు, ఇక్కడ అది పట్టించుకుంటారు. తర్వాత నువ్వు వాళ్ళని పిలిచి గోంగూర మాంసం పెడితే ఈ వైన్ వద్దు. ఆ కారానికి ఇది తోడైతే నోరు మంటెత్తిపోతుంది.

తాగితే కారు తియ్యకు. ఇక్కడ లీటరు రక్తానికి 0.5 గ్రాములు హద్దు, కొత్త లైసెన్సు వాళ్ళకైతే 0.2. ట్రామ్‌లో వెళ్ళు.

అన్నట్టు, సీసా మీద ధర చీటీ ఉంటే పీకెయ్.

మీ మామయ్య,
మోంపెల్యే